దుబాయ్‌లో 480, మా ఊళ్ళో రాత్రికి 35: దేశాల ఇంటర్నెట్ వేగాలను అసలు ఎలా పోల్చాలి?

వైనతేయ తీరం (ప్రశ్న):

అందరికీ నమస్కారమండి. మాది కోనసీమలో మామిడికుదురు దగ్గర ఒక పల్లె. నేను గణితం టీచరును. రోజూ సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది వరకు, గల్ఫ్ దేశాల్లో ఉంటున్న మనవాళ్ళ పిల్లలకు ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతాను. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనుక ఉంటుంది కాబట్టి, వాళ్ళు బడి నుంచి వచ్చి కాస్త తిని కూర్చునే సమయమూ, మా ఊళ్ళో అందరూ ఇంటికి చేరి నెట్ వాడే సమయమూ ఒకటే అవుతున్నాయి.

నా ఇంటి కనెక్షన్ 100 ఎంబీపీఎస్ ప్లాను. పగలు కొలిస్తే 90కి పైగానే చూపిస్తోంది, రాత్రి ఎనిమిదింటికి 35 చూపిస్తోంది. మొన్న వర్గ సమీకరణాలు చెబుతుండగా నా మాట ముక్కలు ముక్కలుగా వినబడిందని, బోర్డు మీద నేను రాసింది అర నిమిషం తరువాత ఒక్కసారిగా ప్రత్యక్షమైందని పిల్లలు చెప్పారు. ఆ సంగతి దుబాయ్‌లో ఉన్న మా తమ్ముడికి చెబితే, తన ఫోనులో చేసిన పరీక్ష ఫలితాన్ని ఫొటో తీసి పంపాడు. అందులో 480 ఎంబీపీఎస్ ఉంది. మొబైల్ వేగంలో ప్రపంచంలో వాళ్ళ దేశానిదే మొదటి స్థానమట. ఇంత వేగమున్న చోటి నుంచి మా అమ్మతో వాట్సాప్‌లో వీడియో కాల్ మాట్లాడడానికి మాత్రం వాడికి కుదరదు, అక్కడ అనుమతి ఉన్న వేరే ఆప్‌లోనే మాట్లాడుతున్నాడు.

దేశాలకు ఈ స్థానాలు దేన్ని కొలిచి ఇస్తున్నారు? మన దేశం మొబైల్‌లో బాగా ముందుకు వచ్చిందని, ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో వెనుకబడి ఉందని చదివాను, ఆ తేడా ఎందుకు వచ్చింది? నాలాంటి పని చేసేవారు ఏ అంకెను చూసుకోవాలి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

పాలకొల్లు నుంచి మాదాపూర్ (జవాబు):

నమస్కారం టీచరుగారూ. మాది పాలకొల్లు, పద్నాలుగేళ్ళుగా హైదరాబాదులో నెట్‌వర్క్ పనిలో ఉన్నాను. మీ తమ్ముడుగారు చెప్పింది నిజమే. ఎక్కువమంది చెప్పుకునేది ఊక్లా సంస్థ ప్రకటించే స్పీడ్‌టెస్ట్ గ్లోబల్ ఇండెక్స్ గురించి. ఒక దేశంలో జనం తమంతట తాము చేసుకున్న పరీక్షల ఫలితాలను ఆరోహణ క్రమంలో పేరిస్తే సరిగ్గా నడుమ నిలిచే విలువే, అంటే మీరు పిల్లలకు చెప్పే మధ్యగతమే, ఆ దేశానికి వేసే అంకె. సగటు తీస్తే గిగాబిట్ (అంటే 1,000 ఎంబీపీఎస్) కనెక్షన్లున్న కొద్దిమంది మొత్తం అంకెను పైకి లాగేస్తారు కనుక మధ్యగతం తీయడం న్యాయమే. కాని కనెక్షనే లేని ఇల్లు ఆ వరుసలో ఎక్కడా ఉండదు. పట్టికలోని దేశాల సంఖ్యలను చూసేటప్పుడు నేను ముందుగా గుర్తు చేసుకునేది ఇదే.

మన మొబైల్ సంగతి చూడండి. 2022 సెప్టెంబరులో మన మధ్యగత డౌన్‌లోడ్ వేగం 13.87 ఎంబీపీఎస్, స్థానం 119. ఆ అక్టోబరు 1న 5జీ మొదలైంది. 2023 ఆగస్టు నాటికి వేగం 50.21కి, స్థానం 47కి చేరాయి. పదకొండు నెలల్లో 72 మెట్లు ఎక్కడం చిన్న విషయం కాదు, ఈ రంగంలో పనిచేసేవాడిగా నాకు అది గర్వంగానే ఉంటుంది. 4జీ టవర్లు అప్పటికే ఊరూరా నిలబడి ఉన్నాయి, వాటికే కొత్త యాంటెన్నాలు బిగించి, అంతకుముందు కంటే ఎన్నో రెట్లు వెడల్పైన స్పెక్ట్రమ్‌ను, అంటే రేడియో తరంగాల పట్టీని, వాడుకోవడంతో అది సాధ్యమైంది.

ఇంటికి వచ్చే తీగ విషయంలో అలాంటి దగ్గరదారి లేదు, ప్రతి గడపకూ మనిషి వెళ్ళి తీగ లాగవలసిందే. మన దేశంలో మొబైల్ ద్వారా బ్రాడ్‌బ్యాండ్ వాడే కనెక్షన్లు సుమారు 90 కోట్లుంటే, తీగ ద్వారా వచ్చేవి 4 కోట్లకు కాస్త అటూ ఇటూ ఉన్నాయి. సింగపూరులో జనంలో అత్యధికులు ప్రభుత్వం కట్టించిన బహుళ అంతస్తుల భవనాల్లోనే ఉంటారు, ఒక్క భవనంలోకి ఫైబర్ ఎక్కిస్తే వంద ఇళ్ళకు అందుతుంది. మన దగ్గర కొబ్బరితోట మధ్య ఒక ఇల్లు, పంటకాలువ అవతల ఇంకొక ఇల్లు, ఏటిగట్టు దిగువన మరొకటి. అయితే ఇంతకన్నా పెద్ద కారణం వేరే ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. తీగ కనెక్షన్‌లో పరీక్ష చూపించే అంకె మనం కొనుక్కున్న ప్లానును దాటదు. మనవాళ్ళలో చాలామంది 30, 50, 100 ఎంబీపీఎస్ ప్లాన్లు తీసుకుంటారు, సింగపూరులో గిగాబిట్ ప్లాను మామూలు విషయం. కాబట్టి తీగ కనెక్షన్ల పట్టికలో 80 దాటిన మన స్థానంలో సాంకేతిక లోపం ఎంతో, జనం కొనుగోలు శక్తి కూడా అంతే ఉందని నా అభిప్రాయం.

బ్రాడ్‌బ్యాండ్ అన్న మాటకే దేశానికొక అర్థం ఉందన్నది కూడా గమనించాలి. మన దేశంలో 2023 జనవరి వరకు 512 కేబీపీఎస్ (సుమారు అర ఎంబీపీఎస్) వస్తే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అన్నారు, ఆ తరువాత కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలన్నారు. అమెరికాలో నియంత్రణ సంస్థ 2024 మార్చిలో డౌన్‌లోడ్‌కు 100, అప్‌లోడ్‌కు 20 అని నిర్ణయించింది.

ఇక మీ పాఠం. మంచి నాణ్యతతో వీడియో నడవడానికి ఒక్కో దిక్కున మూడు నాలుగు ఎంబీపీఎస్ చాలు. మీకు రాత్రి వచ్చే 35 కూడా అందుకు పదింతలు. మీ తమ్ముడుగారి 480తో మీ పాఠానికి ఒరిగేదేమీ లేదు. మీ నుంచి బయటికి వెళ్ళే వేగం, అంటే అప్‌లోడ్, ఎంత ఉందో మీరు రాయలేదు. పంపిన డేటా పొట్లం (ప్యాకెట్) వెళ్ళి తిరిగి రావడానికి పట్టే సమయం, అంటే పింగ్, ఆ సమయం ఒకసారి ఒకలా, మరొకసారి ఇంకొకలా ఊగిసలాడడం, అప్‌లోడ్ తగ్గడంతో పాటు ఈ రెండూ గొంతును ముక్కలు చేస్తాయి. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే ప్రతి 1,000 కిలోమీటర్లకు పోను 5 మిల్లీసెకన్లు, రాను 5. మీ ఇంటి నుంచి ముంబయి మీదుగా సముద్రగర్భ కేబుల్‌లో దుబాయ్ చేరడానికి దూరం ఎంతో కాదు, రానుపోను 50, 60 మిల్లీసెకన్లలో అయిపోవాలి. రాత్రి అది 200 దాటుతుంటే తప్పు సముద్రంలో కాదు, మీ మండలంలోనే ఎక్కడో ఉంది.

జాయింటు బాక్సు (జవాబు):

టీచరుగారూ, నేను రాజోలు వైపు కేబుల్ పని చేస్తాను. పై వారు చెప్పినదానికి స్తంభం మీది నుంచి కనిపించే సంగతులు కొన్ని చేరుస్తాను. ముందు మీ ఫైబర్ పెట్టె మీద లాస్ అని రాసి ఉన్న లైటు చూడండి. అది ఎర్రగా వెలిగితే కాంతి రావడం లేదని అర్థం, తీగ తెగిందో జాయింటు విడిందో అయి ఉంటుంది. కాంతి బలాన్ని కొలిచే మా చేతిలోని పవర్ మీటరుకు మైనస్ 20 డీబీఎం దరిదాపుల్లో వస్తే మేము నిశ్చింతగా ఇంటికి వెళతాము, మైనస్ 27 దాటితే కనెక్షన్ పడుతూ లేస్తూ ఉంటుంది. మన ప్రాంతంలో ఎండిన కొబ్బరి మట్ట పడి తీగ తెగడం, ఉడుతలు తొడుగు కొరకడం, సముద్రం దగ్గర ఊళ్ళలో ఉప్పుగాలికి బాక్సుల మరలు తుప్పు పట్టి వాన నీరు లోపలికి దిగడం నిత్యం చూసేవే. 2016 డిసెంబరులో మా పక్కనున్న మోరి ఊరికి ఇంటింటికీ ఫైబర్ వచ్చినప్పుడు నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. అందువల్లే పని తొందరగా, తక్కువ ఖర్చుతో అయింది, అందువల్లే ప్రతి గాలివానకు మేము నిచ్చెన భుజాన వేసుకుని తిరుగుతున్నాము.

అయితే మీ జబ్బు అది కాదు. కాంతి తగ్గితే పగలు కూడా ఇబ్బంది ఉండాలి. పగలు 90 వచ్చి రాత్రి 35 వస్తోందంటే, మీకు సర్వీసు ఇచ్చేవారు పైనుంచి తీసుకున్న అప్‌లింక్, అంటే ఊళ్ళోని కనెక్షన్లన్నిటినీ బయటి నెట్‌వర్కుకు కలిపే లైను, సరిపోవడం లేదన్నమాట. మీ వీధిలో ఒక ఫైబర్‌ను స్ప్లిటర్‌తో 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతారు. దాని సామర్థ్యం కిందికి దాదాపు రెండున్నర గిగాబిట్లు, అది మామూలుగా నిండదు. నిండేది దానికి పైన ఉన్న కాలువ. లాకుల దగ్గర వదిలే నీరు తక్కువైతే చివరి చేనుకు తడి అందనట్టే ఇదీ.

ఒక పరీక్ష చేసి చూడండి. వైఫై వద్దు, లాప్‌టాప్‌ను తీగతో నేరుగా పెట్టెకు కలిపి, తెల్లవారుజామున అయిదింటికి ఒకసారి, రాత్రి ఎనిమిదిన్నరకు ఒకసారి కొలిచి, డౌన్‌లోడ్, అప్‌లోడ్, పింగ్ మూడూ నోటుబుక్కులో రాయండి. స్పీడ్ టెస్ట్ తనంతట తాను దగ్గరలోని సర్వరునే ఎంచుకుంటుంది, అది ఒక్కోసారి మీ సర్వీసు వారి ఆవరణలోనే ఉంటుంది. సర్వరు మార్చుకునే వీలుంటుంది, ముంబయిది ఒకటి, దుబాయ్‌ది ఒకటి ఎంచుకుని కూడా కొలవండి. మీ సర్వీసు వారిని అడగవలసినప్పుడు మాటల కన్నా ఆ పేజీ బలంగా ఉంటుంది.

ముమ్మిడివరం వాసి (జవాబు):

వేగం గురించి పెద్దలు చెప్పారు. ఆ పట్టికల్లో చేరని సంగతి ఒకటుంది, అది మన జిల్లాకు బాగా తెలిసినది. 2022 మే 24న అమలాపురంలో జరిగిన అల్లర్ల తరువాత కోనసీమలో చాలా రోజులు మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. నేను అప్పుడు ఇంటి నుంచి ఒక కంపెనీకి పని చేసేవాడిని. రోజూ పొద్దున్నే బస్సెక్కి, గోదావరి వంతెన దాటి, రాజమండ్రిలో మా పిన్నిగారింటి వసారాలో కూర్చుని పని చేసుకుని రాత్రికి తిరిగి వచ్చేవాడిని. శాంతిభద్రతల కోసం తీసుకున్న నిర్ణయమని అర్థం చేసుకోగలను, కాని రోజు కూలి మీద ఆన్‌లైన్ పని చేసే కుర్రవాళ్ళకు ఆ రోజులు తిరిగి రాలేదు. అదే జులైలో వరద వచ్చి లంక గ్రామాలు మునిగినప్పుడు కరెంటు పోయి టవర్లే మూగబోయాయి.

పరీక్ష చేయలేని రోజు మధ్యగతంలో సున్నాగా కూడా లెక్కకు రాదు. యాక్సెస్ నౌ అనే సంస్థ 2023లో మన దేశంలో 116 సార్లు ఇంటర్నెట్ నిలిపివేతలు జరిగాయని లెక్క వేసింది, ఆ ఏడాది ప్రపంచంలో అదే అత్యధికం. మీ తమ్ముడుగారు అంత వేగంలో ఉండి వాట్సాప్ కాల్ చేయలేకపోవడం కూడా నాకు ఇలాంటిదిగానే తోస్తోంది. ఒక దేశాన్ని మరొక దేశంతో పోల్చేటప్పుడు ఏడాదిలో ఎన్ని గంటలు నెట్ నడిచింది, నడిచినప్పుడు దేనికి అనుమతి ఉంది అన్న వరుసలు కూడా పట్టికలో ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

వైనతేయ తీరం:

అందరికీ కృతజ్ఞతలండి. జాయింటు బాక్సు గారు చెప్పినట్టే నాలుగు రోజులు నోటుబుక్కులో రాశాను. తెల్లవారుజామున తీగతో కొలిస్తే డౌన్‌లోడ్ 93, అప్‌లోడ్ 92, దుబాయ్ సర్వరుకు పింగ్ 58. రాత్రి ఎనిమిదిన్నరకు డౌన్‌లోడ్ 37, అప్‌లోడ్ 2, పింగ్ ఒకసారి 90, మరుక్షణం 310. నేను ఇన్నాళ్ళూ డౌన్‌లోడ్ అంకె ఒక్కటే చూసి మథనపడ్డాను, నన్ను పడగొడుతున్నది ఆ 2 అని ఇప్పుడు తెలిసింది.

ఆ పేజీ తీసుకుని మా సర్వీసు ఇచ్చే ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన కాదనలేదు. ఏడాదిలో కనెక్షన్లు రెట్టింపయ్యాయని, అప్‌లింక్ మాత్రం పాతదే ఉందని ఒప్పుకుని, వారం గడువు అడిగి, తొమ్మిదో రోజుకు పెంచారు. నిన్న రాత్రి పాఠానికి ముందు కొలిస్తే డౌన్‌లోడ్ 71, అప్‌లోడ్ 64, పింగ్ 61 నుంచి 66 మధ్యలో నిలకడగా ఉంది. మా తమ్ముడి కూతురు కూడా ఆ తరగతిలోనే ఉంటుంది. పారాబోలా గీయడం పూర్తి కాకముందే, అత్తా, శీర్షం ఒక గడి పక్కకు పెట్టావని అది నన్ను సరిదిద్దింది.