పొటెంకిన్ గ్రామం: తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అందులో ‘పొటెంకిన్ గ్రామం’ మూడుసార్లు వచ్చింది. ‘పైన పటారం, లోన లొటారం’ అని రాసేసి ముందుకెళ్దామంటే మనసొప్పడం లేదు. ఇంతకీ రష్యా సేనాని పొటెంకిన్ తమ రాణి రెండో కేథరీన్ చూడటానికి వస్తే అట్ట ఇళ్ళు నిలబెట్టి ఊళ్ళని చూపించాడన్నది నిజమేనా?

జవాబు 1:
నిజమే కదా, అందరికీ తెలిసిన కథే! ‘బొమ్మ ఊరు’ అనేయండి, సరిపోతుంది.

జవాబు 2:
అందరికీ తెలిసిన కథే, అక్కడే వచ్చింది చిక్కు. అట్ట ఊళ్ళ సంగతిని బాగా ప్రచారంలోకి తెచ్చింది హెల్బిగ్ అనే ఆయన, జర్మన్ రాజ్యం సాక్సనీ దౌత్య ఉద్యోగి. పొటెంకిన్ 1791లో చనిపోయాక రాశాడు. పైగా రాణి చేసిన ఆ ప్రయాణంలో హెల్బిగ్ లేనేలేడు!

జరిగింది ఇదీ. క్రిమియా 1783లో రష్యా చేతికొచ్చింది. నాలుగేళ్ళకు, 1787లో, రెండో కేథరీన్ చూడటానికి బయల్దేరింది. కీవ్‌లో ఆగి, ద్నీపర్ నది మీద మంచు కరిగాక పడవల్లో దక్షిణానికి వెళ్ళింది. విదేశీ రాయబారులు వెంట ఉన్నారు, ఆస్ట్రియాను ఏలే రెండో జోసెఫ్ చక్రవర్తి దారిలో కలిశాడు. పొటెంకిన్ హంగులు చేయలేదని కాదు. తోరణాలు, రంగులు, బాణసంచా, అన్నీ పెట్టించాడు. వెంట ఉన్న ప్రిన్స్ ద లీన్య్ అట్ట ఊళ్ళ పుకారును కొట్టిపారేశాడు. అలాగని మెచ్చుకుని ఊరుకోలేదు, వీధుల్లేని పట్టణాలు, కప్పుల్లేని ఇళ్ళు ఉన్నాయనీ రాశాడు. అంటే సగం కట్టినవి, అట్టవి కావు.

నాకు బాగా నచ్చేది క్రిమియాలోని ఇంకెర్మన్‌లో రాణిగారికి పెట్టిన భోజనం. అందరూ తింటుండగా తెర పక్కకు లాగారు. ఎదురుగా సెవస్తోపోల్ రేవు, అందులో కొత్త నౌకాదళం. తెర నాటకానిదే, ఓడలు మాత్రం అసలువి. అవీ ఏమంత గట్టివి కావులెండి, ఆ ఏడాది సెప్టెంబర్‌లో తుఫాను వాటిని చితక్కొట్టింది.

ఇక అనువాదం. ‘పైన పటారం’ మనిషికీ, పెళ్ళికీ, ఇంటికీ దేనికైనా సరిపోతుంది. పొటెంకిన్ గ్రామానికి మాత్రం చూడటానికి వచ్చే పెద్ద మనిషి ఉండాలి. ఆ తనిఖీ కోసమే కట్టాలి. ఈ ముక్క జారిపోతే మాట చచ్చిపోతుంది. నేనైతే ‘తనిఖీ కోసం ముస్తాబు చేసిన ఊరు’ అంటాను.

జవాబు 1:
అయితే ఇన్నాళ్ళూ నేను చెప్తున్నది హెల్బిగ్ కథన్నమాట. సరే, కానీ ‘తనిఖీ కోసం ముస్తాబు చేసిన ఊరు’ మూడుసార్లా? చదివేవాళ్ళు పారిపోతారు.

ప్రశ్న అడిగినవారు:
మొదటిసారి ‘పొటెంకిన్ గ్రామం’ అని రాసి పక్కనే ఆ ముస్తాబు మాట పెడతాను. తర్వాతి రెండు చోట్లా ‘ముస్తాబు ఊరు’. రష్యన్లు ‘పత్యోమ్కిన్’ అంటారని ఇప్పుడే విన్నాను, అది మార్చాలా?

జవాబు 2:
వద్దు. అప్పుడెవరూ గుర్తుపట్టరు.