వీలునామాలో పేరు లేని కొడుకు: వర్జీనియా పాత భూమి రికార్డులు తెలిసినవారు సాయం చేయగలరా?

పెరంబూరు తాతయ్య (చెన్నై)

అందరికీ నమస్కారం. చెన్నైలో ముప్పై నాలుగేళ్లు దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. క్రయం, దానం, భాగపరిష్కారం, వీలునామా, అన్నీ ఈ చేత్తో రాశాను. ఇప్పుడు నా బల్ల మీద ఉన్న కాగితాలు మాత్రం రెండువందల యాభై ఏళ్ల నాటి అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానివి.

మా కోడలు అమెరికా అమ్మాయి. మొన్న వేసవిలో వచ్చినప్పుడు మనవడికి గోడ మీద మా వంశవృక్షం చూపించాను. మా వైపు ఏడు తరాలు. వాడికి ఎనిమిదేళ్లు. అంతా చూసి, "మరి అమ్మ వైపు ఎందుకు ఖాళీగా ఉంది, తాతా?" అని అడిగాడు. కోడలు పక్కనే ఉంది, ఏమీ అనలేదు. ఆ ఖాళీ నింపి ఇస్తానని ఆ రోజే మాట ఇచ్చాను.

ఆమె అమ్మమ్మ వైపువారు వర్జీనియాలో కల్పెపర్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) పొగాకు పండించినవారు. విలియం అనే ఆయన దాకా దారి దొరికింది. అంతకు ముందుకు వెళ్లడం కష్టంగా ఉంది. అక్కడ 1850కి ముందు జనగణనలో ఇంటిపెద్ద పేరు తప్ప మిగిలినవారి పేర్లు రాయలేదు. జననమరణాలను ప్రభుత్వం నమోదు చేయడం వర్జీనియాలో 1853లో గాని మొదలు కాలేదు. కాబట్టి మిగిలినవి భూమి కాగితాలు, వీలునామాలే. వంశచరిత్రలు వెతికే ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటులో ఇప్పుడు చేతిరాత పుస్తకాలలో కూడా మాట వెతికే సదుపాయం వచ్చింది. రోజూ తెల్లవారుజామున లేచి వెతుకుతున్నాను.

దొరికింది ఇది. 1774లో విలియం 200 ఎకరాలు అమ్మారు. ఆ భూమి ఆయనకు ఎలా సంక్రమించిందో చెప్పే లింకు దస్తావేజు ఎక్కడా లేదు. కొన్నట్టు లేదు, దానంగా పుచ్చుకున్నట్టు లేదు. అదే ఇంటిపేరుతో (కోడలి కుటుంబం కాబట్టి ఇక్కడ రాయడం లేదు) జాన్ అనే ఆయన వీలునామా 1768లో కోర్టులో రుజువైంది. అందులో భార్య మేరీ, కొడుకులు థామస్, జేమ్స్, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. థామస్‌కు 250 ఎకరాలు, జేమ్స్‌కు 150. విలియం ఊసే లేదు. అదే ప్రాంతంలో ఇంకో జాన్ కూడా ఉన్నారు, ఆయనను జూనియర్ అని రాశారు. నా విలియం వీరిలో ఎవరి కొడుకు? అసలు ఎవరి కొడుకైనా అవునా?

ఇంకో సందేహం. విలియం అమ్మకానికి రెండు దస్తావేజులున్నాయి. మొదటిది ఒక రోజు, అయిదు షిల్లింగులకు. రెండోది మర్నాడు, అరవై పౌండ్లకు. అదే భూమి, అదే కొనుగోలుదారు. నా వృత్తిలో ఇలాంటిది కనబడితే మోసమేమో అని మొదట అనుమానించేవాణ్ణి. అలా అనుకోవడానికి మనసు ఒప్పడం లేదు.

రికార్డుగది (బెంగళూరు)

తాతయ్యగారూ, మోసం కాదు, నిశ్చింతగా ఉండండి. అది ఒకే అమ్మకం. అప్పటి వర్జీనియా ఇంగ్లండు పాలనలోది. ఇంగ్లండు చట్టంలో భూమి చేతులు మారాలంటే ఇద్దరూ ఆ నేల మీద నిలబడి మట్టిగడ్డో కొమ్మో చేతిలో పెట్టాలి. ఆ తతంగం తప్పించుకోవడానికి లాయర్లు ఒక దారి కనిపెట్టారు. మొదటి రోజు నామమాత్రపు సొమ్ముకు ఏడాది కౌలు ఇస్తారు. కౌలుదారు స్వాధీనంలో ఉన్నట్టే కాబట్టి, మర్నాడు మిగిలిన హక్కు కాగితం మీదే వదిలేస్తారు. ఆ ఏడాదికి కట్టవలసిన కౌలు సొమ్ము కింద ఏమి రాశారో మొదటి దస్తావేజులో చూడండి. ఒక మిరియపు గింజ అనో, ఒక మొక్కజొన్న పొత్తు అనో ఉంటుంది. అసలు ధర మర్నాటి అరవై పౌండ్లే.

ఇక విలియం సంగతి. మీరు దస్తావేజులు రాసినవారు కాబట్టి ఇది ఇట్టే పట్టుకుంటారు. మనకు పిత్రార్జితంలో కొడుకులందరికీ భాగముందన్న ఆలోచన నరనరాన ఉంది. అందుకే వీలునామాలో పేరు లేకపోతే కొడుకు కాడనుకుంటాం. ఆనాటి వర్జీనియాలో అలా కాదు. వీలునామాలో ఎవరికీ రాయని భూమి మొత్తం పెద్ద కొడుకుకే వెళ్లేది. ఆ పద్ధతిని రద్దు చేస్తూ 1785లో చట్టం చేశారు, అది 1787 నుంచి అమలైంది. అంతదాకా తండ్రి చిన్నవాళ్లకు ఏమివ్వాలో రాస్తే సరిపోయేది. పెద్దవాడికి చట్టమే ఇచ్చేది, అతని పేరు రాయనక్కర లేదు. ఇలా వచ్చిన భూమికి లింకు దస్తావేజు ఉండదు. మీకు దొరకనిది అదే కావచ్చు.

కాబట్టి జాన్‌కు మొత్తం ఎంత భూమి ఉండేదో కనుక్కోండి. కల్పెపర్ ప్రాంతం నార్తర్న్ నెక్ అనే పెద్ద భూభాగం కిందికి వస్తుంది. అక్కడ భూమి మంజూరు చేసింది రాజు కాదు, ఆ భూభాగానికి సొంతదారైన లార్డ్ ఫెయిర్‌ఫాక్స్. ఆ మంజూరు పుస్తకాలు రిచ్‌మండ్‌లోని లైబ్రరీ ఆఫ్ వర్జీనియాలో ఉన్నాయి, ఇంటి దగ్గర నుంచే చూడవచ్చు. వీలునామాలో థామస్, జేమ్స్‌లిద్దరికీ కలిపి ఇచ్చింది 400 ఎకరాలు. మంజూరు అంతకంటే ఎక్కువైతే ఆ తేడా ఏమైందో ఆలోచించండి. వీలునామా చివర "మిగిలినది" అని రాసిన చోట చరాస్తి మాత్రమేనా, స్థిరాస్తి కూడానా అన్నది ఒకటికి రెండుసార్లు చదవండి. స్థిరాస్తి కూడా అయితే నేను చెప్పింది నిలవదు.

గొలుసు సర్వేయరు (ఆవడి)

అన్నగారూ, నేను సర్వే శాఖలో చేసి విరమించాను. ఎకరాల లెక్క ఒక్కటే చాలదు, చెక్కుబందీ కలవాలి.

వాళ్ల హద్దుల వర్ణన చదివారు కదా. "ఏటి ఒడ్డున రెండు ఎర్ర ఓకు చెట్ల దగ్గర మొదలై, ఉత్తరానికి 40 డిగ్రీలు తూర్పుగా 120 పోళ్లు పోయి ఒక హికరీ చెట్టు..." ఇలా సాగుతుంది. పోలు అంటే పదహారున్నర అడుగులు. నాలుగు పోళ్లు ఒక గొలుసు, 66 అడుగులు. మనం పొలాల్లో ఈడ్చిన గంటర్ గొలుసు అదే! వంద లింకులు. అంటే ఒక పోలుకు 25 లింకులు. మన పాత పటాలు లింకుల్లో గీసినట్టే వీటినీ గీయవచ్చు. 160 చదరపు పోళ్లు ఒక ఎకరం, మన లక్ష చదరపు లింకులూ అంతే. ఇది గమనించిన రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇంత దూరపు నేలను అదే గొలుసుతో కొలిచారు.

గ్రాఫు కాగితం మీద ముందు జాన్ మంజూరును గీయండి. చివరి గీత మొదటి చెట్టు దగ్గరికి సరిగ్గా రాకపోవచ్చు, కంగారు పడకండి. అడవిలో, దిక్సూచితో కొలిచారు. దిక్సూచి చూపే ఉత్తరం కూడా కాలంతో పాటు జరుగుతూ ఉంటుంది. తర్వాత థామస్, జేమ్స్ ముక్కలు వేరే కాగితం మీద గీసి, కత్తిరించి, మంజూరు మీద పెట్టండి. మిగిలిన జాగాలో విలియం అమ్మిన ముక్క ఇముడుతుందా? చెట్లు, వాగులు, ఇరుగుపొరుగు పేర్లు కలుస్తున్నాయా? పేర్లు ఇద్దరికి ఉండవచ్చు గానీ, ఒక వాగు మలుపు ఒకరికే ఉంటుంది.

జయనగర్ పద్మ (బెంగళూరు)

ఇలాంటి పాత పుస్తకాలకు సూచికలు తయారుచేసే పనిలో ఆరేళ్లుగా స్వచ్ఛందంగా ఉన్నాను. జూనియర్ అన్నారు కాబట్టి చెబుతున్నాను. ఆ కాలంలో సీనియర్, జూనియర్ అంటే తండ్రీకొడుకులని కాదు. ఒకే ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరిలో పెద్దవాడు, చిన్నవాడు అని మాత్రమే. బాబాయి, అన్న కొడుకు కావచ్చు, చుట్టరికమే లేకపోవచ్చు. పెద్దాయన పోతే చిన్నాయన సీనియర్ అయిపోతాడు. ఈ సంగతి తెలియక నేను ఒక కుటుంబానికి తప్పు తండ్రిని కట్టి, ఆరు నెలల పని చెరిపేయవలసి వచ్చింది. అలాగే కజిన్ అని రాస్తే మేనల్లుడు కావచ్చు. సన్ ఇన్ లా అంటే భార్య మొదటి పెళ్లి కొడుకు కావచ్చు. తండ్రి పోతే చాలు, తల్లి బతికి ఉన్నా పిల్లలను అనాథలనే రాసేవారు.

కౌంటీలు కూడా చూసుకోండి. కల్పెపర్ 1749లో ఆరెంజ్ నుంచి విడిపోయింది. ఆరెంజ్ 1734లో ఏర్పడింది. మన కందుకూరు నెల్లూరులో ఉండి, 1970లో ప్రకాశంలోకి వెళ్లి, 2022లో మళ్లీ నెల్లూరుకు వచ్చినట్టు, మనిషి కదలకపోయినా పుస్తకం మారుతుంది. 1752కి ముందు తేదీలలో 1747/8 వంటివి కనిపిస్తే రాతతప్పు అనుకోకండి. అప్పటిదాకా వారికి కొత్త ఏడాది మార్చి 25న వచ్చేది. జనవరి నుంచి ఆ రోజు దాకా రెండేళ్లూ కలిపి రాసేవారు.

ఇంకొకటి. విలియం దస్తావేజు చివరి పుటలో ఎవరెవరు సంతకాలు చేశారో చూశారా? భర్త భూమిలో మూడో వంతు మీద విధవకు బతికున్నంత కాలం హక్కు ఉండేది. అమ్మేటప్పుడు కొనేవాడు ఆ హక్కు వదిలించుకోకుండా ఊరుకోడు.

పెరంబూరు తాతయ్య (చెన్నై)

మూడు వారాలైంది. మీ ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

మంజూరు దొరికింది. 600 ఎకరాలు. వీలునామాలో మిగిలిన "చరాస్తి" అనే ఉంది, స్థిరాస్తి మాట లేదు. సర్వేయరు తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే ముక్కలు కత్తిరించి పెట్టాను. పడమటి వైపు మిగిలిన జాగాలో విలియం భూమి కూర్చుంది. అంచు కాస్త జరిగింది గానీ, వాగు మలుపు, హికరీ చెట్టు, ఉత్తరపు పొరుగువాడి పేరు మూడూ కలిశాయి. జూనియర్ అన్న జాన్ భూమి మరో వాగు మీద, మైళ్ల దూరంలో ఉంది. కౌలు ఒక మొక్కజొన్న పొత్తు!

పద్మమ్మా, చివరి పుట తిప్పాను. విలియం, ఆయన భార్య, వారి కింద "స్వర్గీయ జాన్ విధవ మేరీ". పేరు పక్కన ఆమె గుర్తు, వంకర గీతలు రెండు. పుస్తకంలో ఉన్నది గుమాస్తా ఎత్తిరాసిన ప్రతి అని తెలుసు. మన రిజిస్ట్రారు కార్యాలయంలో 1వ పుస్తకంలోకి ఎక్కించినట్టే. అయినా ఆ గుమాస్తా ఆమె గుర్తును ఉన్నదున్నట్టు గీశాడు. నేను ఎందరో ముసలమ్మల బొటనవేలు పట్టుకుని సిరా అద్దించినవాణ్ణి. ఆ పుట ముందు చాలాసేపు కూర్చుండిపోయాను.

జాన్ ఆస్తి జాబితా కూడా చదివాను. ఈకల పరుపు, ఇనుప కుండ, రెండు గుర్రాలు. వాటి నడుమ ఆరుగురు బానిసల పేర్లు, ఒక్కొక్కరి పక్కన పౌండ్లలో ధర. ఒక తల్లి, ఆమె చంటిబిడ్డ ఒకే వరుసలో ఉన్నారు. ఇది కోడలికి చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి, చెప్పాను. ఆ అమ్మాయి ఏడ్చింది. తర్వాత, "ఆ పేర్లు కూడా రాయండి మామయ్యగారూ" అంది.

రికార్డుగది (బెంగళూరు)

తప్పకుండా రాయండి. వర్జీనియాలో 1705 చట్టం వారసత్వం విషయంలో బానిసలను స్థిరాస్తిగా లెక్కగట్టింది. వీలునామాల్లోనూ ఆస్తి జాబితాల్లోనూ వారి పేర్లు కనిపిస్తాయి. విముక్తులైనవారి పేర్లు అందరితో పాటు జనగణనకెక్కింది 1870లోనే. అంతకు ముందరి తమవాళ్లను వెతుక్కునే వారికి చాలాసార్లు ఇలాంటి జాబితాలే దిక్కు. పుస్తకం, పుట సంఖ్యతో సహా పెట్టండి.

ఒక్క మాట. విలియం జాన్ పెద్ద కొడుకన్నది గట్టిగానే నిలుస్తుంది. మేరీ మాత్రం జాన్ విధవ అని రుజువైంది గానీ, విలియం కన్నతల్లి అని కాలేదు. జాన్‌కు అంతకు ముందు మరో భార్య ఉండి ఉండవచ్చు.

పెరంబూరు తాతయ్య (చెన్నై)

నిజమే తల్లీ, అది నాకు తట్టలేదు. గోడ మీద జాన్ నుంచి విలియంకు సిరాతో గీత గీశాను. మేరీ నుంచి పెన్సిలుతో గీశాను. ఆరుగురి పేర్లూ పక్కన వేరే కాగితం మీద, పుట సంఖ్యతో రాసి అతికించాను. రేపటి నుంచి ఆరెంజ్ కౌంటీ పుస్తకాలు మొదలుపెడతాను, జాన్ పెళ్లి చేసుకున్న ఏళ్లు అందులోనే పడాలి.