లాల్‌బాగ్ ఫ్లవర్ షో: హిందూపురం నుంచి ఒక్కరోజులో చూసి రావడం ఎలా?

పెన్నాగట్టు:
బెంగళూరు లాల్‌బాగ్ తోటలో జరిగే ఆగస్టు ఫ్లవర్ షోకి పొద్దున రైలెక్కి వెళ్లి రాత్రికి ఇంటికి చేరాలని ఆలోచన. పిల్లలిద్దరు, మోకాళ్ల నొప్పులున్న అమ్మ. ఏ రోజు మేలు, ఏ గేటు నుంచి లోపలికి పోవాలి? కారైతే పార్కింగ్ దొరుకుతుందా? తోట అయ్యాక దగ్గర్లో ఇంకేమైనా కలుస్తాయా?

రాతిబండ:
రోజు సంగతి ముందు. పదిహేనో తేదీ, శని, ఆదివారాలు వదిలేయండి. మంగళ, బుధవారాల్లో తొమ్మిదిలోపే గేటు దగ్గరుంటే గాజుమేడ (షో జరిగే గ్లాస్ హౌస్) లోపల కాస్త నింపాదిగా చూడొచ్చు. పదకొండు దాటితే వరసలో నెట్టుకుంటూ పోవడమే, ఆగి చూద్దామంటే వెనకవాళ్లు ఊరుకోరు. పెద్ద పూల బొమ్మను కోసిన గులాబీలు, చామంతులతో కడతారు. అవి వాడిపోతాయి కాబట్టి షో మధ్యలో మారుస్తారు. అందుకని మొదటి రెండు మూడు రోజులు, లేదా పూలు మార్చిన మర్నాడు చూడ్డానికి బాగుంటుంది.

గేటు సంగతి: రైలు యశ్వంతపురలో ఆగేదైతే అక్కడే దిగండి. తుమకూరు రోడ్డు వైపు బయటికొస్తే మెట్రో ఉంది, ఆకుపచ్చ లైనే, ఎక్కడా మారక్కర్లేదు. కేఎస్ఆర్ స్టేషన్‌లో దిగితే పక్కనే ఉన్న మెజెస్టిక్ మెట్రో నుంచి సిల్క్ ఇన్‌స్టిట్యూట్ వైపు బండి ఎక్కండి, చిక్‌పేట, కేఆర్ మార్కెట్, నేషనల్ కాలేజ్, ఆ తరవాతదే లాల్‌బాగ్. పడమటి గేటు అక్కడికి దగ్గర. తిరుగు టికెట్ ఫోన్‌లో క్యూఆర్ ముందే తీసుకోండి. షో రోజుల్లో సాయంత్రం ఆ స్టేషన్ కౌంటర్ దగ్గర లైను చూస్తే గుండె జారుతుంది.

డబుల్‌రోడ్డు:
కారు తప్పదనుకుంటే శాంతినగర్ బస్టాండు మీది పార్కింగ్‌లో పెట్టి డబుల్ రోడ్ గేటుకు నడవండి. తోట చుట్టూ రోడ్డు పక్కన బండి ఆపనివ్వరు.

అమ్మగారి విషయంలో ఒక మాట. లోపల బ్యాటరీ బండ్లుంటాయి గానీ, రద్దీ రోజుల్లో వాటిని నమ్ముకోవద్దు. తోట 240 ఎకరాలు, అంతా తిప్పాలని చూడకండి. గాజుమేడ చూపించి, బయట చెట్ల కింద బెంచీ మీద కూర్చోబెట్టండి. పిల్లల్ని మాత్రం తోటలోని పెద్ద రాతి బండ మీదికి తీసుకెళ్లండి. కెంపేగౌడ గోపురం దాని పైనే. 300 కోట్ల ఏళ్ల నాటి రాయి, నిజానికి పూలకంటే అదే అబ్బురం. వాన పడ్డాక మాత్రం జారుతుంది, నున్నటి అట్టల చెప్పులతో ఎక్కనివ్వొద్దు.

పెన్నాగట్టు:
మంగళవారమే ఖాయం చేస్తాం. టికెట్ ఎంతుంటుంది? మొక్కలు కూడా కొందామనుకుంటున్నాం.

అంటుకొమ్మ:
మొన్నటి షోల్లో పెద్దలకు మామూలు రోజు 80, సెలవు రోజు 100, పిల్లలకు 30. యూనిఫాంలో ఉన్న బడిపిల్లలకు ఉచితం. ప్లాస్టిక్ కవర్లు, సీసాలు గేటు దగ్గరే ఆపేస్తారు, స్టీలు సీసా, గుడ్డసంచి తీసుకెళ్లండి.

మొక్కలు చివర్లో కొనండి. పొద్దున్నే కొని రోజంతా మోస్తే చేతులు పడిపోతాయి, మొక్కా పడిపోతుంది. మొక్క ఉన్న కవరు పట్టుకుని చూడండి, దూదిలా తేలిగ్గా ఉంటే అది వేళ్ల చుట్టూ కొబ్బరిపొట్టు ఎండిపోయిన మొక్క, పూలెన్ని ఉన్నా వద్దు. గులాబీ అయితే అంటు కట్టిన చోట ముడి గట్టిగా ఉందా, చిగురు ఆ ముడికి పైనుంచి వచ్చిందా చూడండి. కిందనుంచి వచ్చింది అడవి గులాబీ, అది పెరిగితే అంటు చస్తుంది. బెంగళూరు చలవలో పెరిగిన మొక్కను మన ఎండలో తిన్నగా పెడితే మూడోరోజుకే ఆకు మాడుతుంది. వారం పది రోజులు నీడలో ఉంచి, ఆ తరవాత పొద్దుటి ఎండకు అలవాటు చేయండి. పెటూనియా జోలికి ఇప్పుడు పోకండి, అది చలికాలపు పూలమొక్క.

రాతిబండ:
భోజనం సంగతి మరిచారు. డబుల్ రోడ్ వైపు బయటికొస్తే లాల్‌బాగ్ రోడ్డులో 1924 నాటి ఎంటీఆర్ హోటల్, సోమవారం సెలవు. సాయంత్రం బసవనగుడి దొడ్డ గణపతి, నంది గుడి, రెండూ ఒకేచోట, ఆటోలో దగ్గరే. నంది గుడికి మెట్లున్నాయి, అమ్మగారిని కింద గణపతి దగ్గరే ఉంచండి. పిల్లలకు ఓపికుంటే కేఆర్ మార్కెట్ దగ్గర టిప్పు వేసవి భవనం, అంతా టేకు స్తంభాలే.

డబుల్‌రోడ్డు:
రాత్రి బండికి వ్యవధి ఉంటే వీవీ పురం తిండి వీధి. అది సాయంత్రమే మొదలవుతుంది, మధ్యాహ్నం పోతే మూసిన షట్టర్లే. జనవరి షోకి వచ్చేవాళ్లు ఆ చుట్టుపక్కల జరిగే అనపకాయల మేళా ఎప్పుడో కనుక్కోండి. పితికిపప్పు దోసె నుంచి మిఠాయి దాకా దొరుకుతుంది.