వానలు పోయి మూడు నెలలైనా ఇన్ని దోమలెందుకు?

ప్రశ్న: మా కాలనీలో భూగర్భ డ్రైనేజీ లేదు, ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకే. చుట్టూ చుక్క నీరు నిలవనివ్వడం లేదు. అయినా సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి సాయంత్రం తలుపు తీస్తే చాలు, గుంపుగా లోపలికొస్తున్నాయి. ఫాగింగ్ చేసిన రెండో రోజుకే మళ్లీ మామూలు. ఇవి ఎక్కడ పుడుతున్నట్టు?

జవాబు: చీకటి పడ్డాక వచ్చి రాత్రంతా చెవి దగ్గర రొద పెడుతున్నాయంటే చాలావరకు క్యూలెక్స్ దోమలేనండీ. వాటికి వాన నీరు అక్కర్లేదు, మురుగు కావాలి. జోరు వానల్లో ఇవి తగ్గుతాయి కూడా, కాలువ ఉరికి గుడ్లనీ పురుగుల్నీ కొట్టుకుపోతుంది. వానలు ఆగాక అదే కాలువ చిక్కబడి కదలకుండా నిలుస్తుంది. చలి తగ్గి, ఎండ ఇంకా ముదరని ఫిబ్రవరి, మార్చి నెలలు వాటికి పండగ. ఒక్కో ఆడదోమ నీటి మీద తెప్పలా అతికించి పెట్టే గుడ్లు 200 దాకా ఉంటాయి, పది రోజులు అటూ ఇటూగా దోమలై లేస్తాయి. ఫాగింగ్ పొగ గాల్లో ఎగిరేవాటికే తగులుతుంది, నీళ్లలో ఉన్నదానికి కాదు. అందుకే రెండో రోజుకే కొత్త బ్యాచ్.

మీ విషయంలో నా మొదటి అనుమానం సెప్టిక్ ట్యాంక్ గాలి గొట్టం, లోపలి మురుగులో పుట్టినవి దాంట్లోంచే బయటికొస్తాయి. పొద్దుగూకే ముందు దాని మూతికి పల్చటి తెల్ల గుడ్డ సంచి కట్టి, తెల్లారాక సంచి విప్పకుండానే లోపల ఏముందో చూడండి. లోపల దోమలుంటే దొంగ దొరికినట్టే.

గొట్టం 4 అంగుళాలదైతే 8 అంగుళాల చదరం దోమల జాలీ ముక్క కత్తిరించి, మూతి మీద బిగుతుగా లాగి, స్టీలు క్లిప్పుతో బిగించండి. టోపీ ఉంటే జాలీ దాని కింద రావాలి. ట్యాంకు పలకల సందులు, మూత అంచులు సిమెంటుతో పూడ్చండి. ఇది మర్చిపోతే గొట్టానికి కట్టిన జాలీ దండగ.

ఇంకొకరు: నైలాన్ జాలీ వద్దు, ఎండకి పెళుసెక్కి చిరుగుతుంది. మామూలు ఇనుప జాలీని ట్యాంకు వాయువులు తినేస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీలుదే మేలు. నెలకోసారి బ్రష్‌తో దుమ్మూ బూజూ దులపాలి. మూసుకుపోతే వాసన బాత్రూంలోకి తన్నుతుంది, అప్పుడు విసుగొచ్చి జాలీయే పీకేస్తారు!

ప్రశ్న: ట్యాంకులో కిరోసిన్ పోస్తే పోదా?

జవాబు: పొయ్యకండి. లోపల మండే వాయువులుంటాయి, పైగా మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. మూత తీసి లోపలికి దిగడం అసలే వద్దు, ప్రాణం మీదికొస్తుంది. రోడ్డు పక్క కాలువకైతే మున్సిపాలిటీ వాళ్లు టెమిఫాస్ అనే దోమ పురుగుల్ని చంపే మందు 50 శాతం ద్రావణాన్ని 10 లీటర్ల నీటికి 2.5 మిల్లీలీటర్లు కలిపి వారానికోసారి కొడతారు, అడగండి. బీటీఐ పొడి అని బ్యాక్టీరియాతో చేసిన ఇంకో మందు ఉంది, అది తింటేనే పురుగు చస్తుంది. పురుగు దోమగా మారే ముందు దశలో కామా ఆకారంలో మెలితిరిగే ప్యూపాలు ఏమీ తినవు, కాబట్టి వాటి మీద పనిచేయదు. ఆలస్యంగా చల్లి మందు మంచిది కాదనడం చాలాచోట్ల జరిగేదే.

మరొకరు: పగలు కాళ్లకి కుడుతుంటే, ఒంటి మీద తెల్ల చారలుంటే అది ఏడిస్, డెంగీ మోసేది. దాని లెక్క వేరు. గుడ్లు నీళ్లలో కాదు, నీటిమట్టానికి కాస్త పైన తొట్టి గోడకి అంటించి పోతుంది. ఎండినా నెలల తరబడి బతుకుతాయి, మళ్లీ నీరు పోసి తడి తగలగానే పొదుగుతాయి. అందుకే తొట్టి ఒంపేస్తే చాలదు, వారానికోసారి కొబ్బరి పీచుతో లోపలి గోడ గట్టిగా రుద్దాలి. ఎక్కువమంది చూడని చోట్లు: ఫ్రిజ్ వెనక కింది ట్రే, మనీప్లాంట్ సీసా, వాడని రుబ్బురోలు. వేసవికి కూలర్ బయటికి తీసేటప్పుడు కూడా ముందు రుద్ది, తర్వాత నీళ్లు పోయండి.

ప్రశ్న: పక్కింటివాళ్లు గొట్టానికి జాలీ కట్టకపోతే?

జవాబు: ఫలితం సగమే. ఏడిస్ పుట్టినచోటికి వంద, రెండొందల మీటర్లలోనే తిరుగుతుంది గానీ క్యూలెక్స్ కిలోమీటరు దాటి కూడా వస్తుంది. వీధికంతా ఒకేసారి జాలీ కొని తలో ముక్కా పంచుకోండి, పెద్ద ఖర్చేం కాదు. అదే రోజు కాలువ పూడిక కూడా తీయించండి. తీసిన పూడిక మాత్రం గట్టు మీద వదిలెయ్యకుండా ఎత్తించాలి, లేకపోతే అది జారి మళ్లీ కాలువలోకే చేరుతుంది.