నైట్ డ్యూటీలో నర్సింగ్ విద్యార్థులు ఒంటరిగా ఇంజెక్షన్లు ఇవ్వొచ్చా?

జిఎన్ఎమ్_కర్నూలు
అందరికీ నమస్తే. నేను జిఎన్ఎమ్ (నర్సింగ్ డిప్లొమా) మూడో ఏడాది. ఇప్పుడు మెడికల్ వార్డులో నైట్ పోస్టింగ్. రాత్రి పది గంటల మందులన్నీ మా చేతికే ఇచ్చేస్తున్నారు. ట్రే సర్దడం, పొడి కలపడం, ఇవ్వడం అన్నీ మేమే. చార్టులో సంతకాలు మాత్రం పొద్దున స్టాఫ్ సిస్టర్ కూర్చుని ఒకేసారి పెట్టేస్తారు. క్లాసులో ఫైవ్ రైట్స్ చెప్పారు: సరైన పేషంటు, సరైన మందు, సరైన డోసు, సరైన రూట్ (నోటికా, నరానికా, కండకా), సరైన టైము. ఆరోది రికార్డు. ఇచ్చినవాళ్లే, ఇచ్చిన వెంటనే రాయాలన్నారు. ఇక్కడ ఆ ఆరోది లేనే లేదు. మేము ఇలా ఒంటరిగా ఇవ్వొచ్చా? ఇవ్వనని చెప్పే హక్కు మాకుందా? సీనియర్లు చెప్పండి.

ట్యూటర్_కడప
ఇవ్వకూడదమ్మా. ఇందులో రెండో మాట లేదు. నీకింకా రిజిస్ట్రేషన్ రాలేదు. పక్కన రిజిస్టర్డ్ నర్సు నిలబడాలి. ఆర్డరు ఇద్దరూ చదవాలి, ఆంప్యూల్ (మందుండే చిన్న గాజు సీసా) మీద పేరు ఇద్దరూ చూడాలి, సిరంజిలోకి లాగిన డోసు ఆమెకు చూపించాలి, ఆ తర్వాతే నువ్వివ్వాలి. ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్, మాగ్‌సల్ఫ్ (మాగ్నీషియం సల్ఫేట్), మార్ఫిన్ విషయంలో అయితే మరీ ముఖ్యం. పొటాషియం క్లోరైడ్ పది ఎంఎల్ ఆంప్యూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. సెలైన్‌లో కలిపి గంటల తరబడి ఎక్కించాల్సిన మందు అది. అదే నేరుగా కాన్యులాలోకి (నరంలో పెట్టిన సన్నని గొట్టంలోకి) తోస్తే గుండె ఆగిపోతుంది, మళ్లీ సరిదిద్దుకునే టైము ఉండదు. అర్ధరాత్రి మసక లైటులో పారదర్శకంగా ఉన్న ఆంప్యూల్స్ అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

ఇక సంతకం. నువ్విచ్చిన మందుకు వేరేవాళ్లు సంతకం పెడితే అది తప్పుడు రికార్డు. నీ సంతకం ఉండాలి, దాని పక్కన స్టాఫ్ కౌంటర్ సంతకం ఉండాలి. ఇది రాకపోతే మిగతాదేదీ రానట్టే.

వార్డు_సిస్టర్
ట్యూటర్ గారూ, ఇవన్నీ మేమూ చదివే వచ్చాం. అనంతపురం జిల్లాలో పనిచేస్తున్నాను. నా వార్డులో రాత్రిపూట నలభై మంచాలు, నేనొక్కదాన్ని. మామూలు ఆసుపత్రిలో ఐదుగురు పేషంట్లకు ఒక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. యాడ ఉన్నారు? మీరు చెప్పినట్టు ప్రతి సూదికీ పక్కన నిలబడితే పది గంటల రౌండు అయ్యేసరికి రెండవుతుంది. పది గంటల యాంటీబయాటిక్ రెండింటికి పడితే అది సరైన టైమా?

ఇంకో మాట. ఈ పిల్లలు వచ్చే ఏడాది పాసై ఏదో నర్సింగ్ హోమ్‌లో చేరతారు. మొదటి రాత్రే ఒంటరిగా నిలబడాల్సి వస్తుంది. అంతవరకు ఒక్క రౌండు కూడా సొంతంగా చేయనివ్వకపోతే ఆ రాత్రి ఎవరిని పిలుస్తారు?

సంతకం గురించి. నేను పెడుతున్నానంటే బాధ్యత నాది కాబట్టి. ఏమైనా జరిగితే ఆ పిల్ల పేరు కాగితం మీద ఉండకూడదనే పెడుతున్నాను.

ఫార్మసీ_ఆదోని
ముందు ఆర్డరు చదవడానికి వీలుండాలి కదప్పా. మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే క్యాపిటల్ అక్షరాల్లో రాయాలని 2016లోనే మెడికల్ కౌన్సిల్ చెప్పింది. నా కౌంటరుకు వచ్చే చీటీల్లో అలా రాసినవి చాలా తక్కువ.

చెక్‌పోస్ట్_కర్నూలు
నేను నర్సును కాదు, పేషంటు కొడుకుని. మా అమ్మకు షుగరు. కాలికి పుండు పడితే ఒక ఆసుపత్రిలో చేర్చాం. పేరు చెప్పను. అమ్మ ఇంట్లో వాడే ఇన్సులిన్ పెన్ను కాట్రిడ్జ్ (పెన్నులో పెట్టే మందు గొట్టం) వెంట తీసుకుపోయాం. ఆ రాత్రి ఎనిమిదిన్నరకు పెన్ను సూది దొరకలేదని కాట్రిడ్జ్ నుంచి మామూలు ఇన్సులిన్ సిరంజితో లాగి వేశారు. ఇరవై యూనిట్లన్నారు. అమ్మ అన్నం కూడా సగమే తినింది. పదకొండు దాటాక నేను బయటి నుంచి వచ్చి చూస్తే ఒళ్లంతా చెమట, పిలిస్తే పలకడం లేదు. పక్క మంచమాయన నిద్రపోతోందిలే అనుకున్నాడట. షుగరు చూస్తే 38. డెక్స్‌ట్రోస్ (గ్లూకోజు) ఎక్కించాక కళ్లు తెరిచింది. మీరేమో ఇక్కడ సంతకం సంతకం అని కొట్టుకుంటున్నారు.

ట్యూటర్_కడప
అన్నా, మీ బాధ అర్థమైంది. అక్కడ ఏం జరిగిందో మీరు రాసినదాన్ని బట్టే చెప్పగలను. మన దేశంలో వయల్ (సీసా) ఇన్సులిన్ ఎక్కువగా ఎంఎల్‌కు 40 యూనిట్లు, పెన్ను కాట్రిడ్జ్ ఎంఎల్‌కు 100 యూనిట్లు. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూత సిరంజి 100కి. కాట్రిడ్జ్‌లోది ఎర్ర మూత సిరంజితో ఇరవై గీత దాకా లాగితే వెళ్లేది అర ఎంఎల్. అంటే 20 కాదు, 50 యూనిట్లు. రెండో మనిషి సిరంజి మూత రంగు చూసి ఉంటే అక్కడే ఆగిపోయేది. నేను చెబుతున్నది ఇదే. ఒంటరి స్టూడెంట్ చేతికి ఇన్సులిన్ ఇస్తే ఇలాగే అవుతుంది.

వార్డు_సిస్టర్
మూత రంగు ఒకటే పట్టుకున్నారు మీరు. డోసు తప్పింది, నిజమే. కానీ ఎనిమిదిన్నరకు ఇన్సులిన్ వేసి, ఆమె అన్నం సగమే తినిందని ఎవరూ అడగలేదు. పదింటికి జీఆర్‌బీఎస్ (వేలి రక్తంతో షుగరు పరీక్ష) చూసి ఉంటే పడిపోతున్న సంగతి దొరికేది. చెమట పట్టిందా, మాట తడబడుతోందా, ఒకసారి మంచం దగ్గరికి పోయి పిలిచి చూడాలి. సూది వేసేటప్పుడు పక్కన పదిమంది నిలబడినా, వేశాక ఎవరూ తిరిగి చూడకపోతే ఆ తల్లి అలాగే పడి ఉండేది.

హౌస్‌సర్జన్_2
ఫోన్లో చెప్పే ఆర్డర్లు కూడా ఒక సమస్య. నేను డోసు చెప్పగానే మళ్లీ నాకు చదివి వినిపించే సిస్టర్లంటే నాకు ధైర్యం. కానీ చాలామంది "సరే సార్" అని పెట్టేస్తారు.

జిఎన్ఎమ్_కర్నూలు
అక్కా, పేషంటును గుర్తుపట్టడం గురించి కూడా చెప్పండి. మా వార్డులో ఇప్పుడు ఇద్దరు మద్దిలేటిలు ఉన్నారు, ఇద్దరికీ ఊపిరితిత్తుల సమస్యే. మంచం నంబరు చూసి ఇవ్వమన్నారు. నిన్న ఫ్యాన్ కింద గాలి బాగుందని ఒకాయన మంచం మార్చుకున్నాడు.

వార్డు_సిస్టర్
మంచం నంబరు ఎప్పుడూ నమ్మొద్దు తల్లీ. కేస్ షీట్ మీద ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చేది), పేరు, రెండూ కలవాలి. మన వైపు వార్డుకొక మద్దిలేటి, ఒక సుంకన్న, ఇద్దరు హుసేనమ్మలు మామూలే. "నీ పేరు మద్దిలేటేనా?" అని అడిగితే నిద్రమత్తులో ఉన్నాయన "ఊ" అంటాడు. "నీ పేరేంది పెద్దాయనా, ఏ ఊరు?" అని అడుగు. ఆయన నోటితో ఆయనే చెప్పాలి. మాట రాని పేషంటైతే అటెండెంటును అడుగు.

ట్యూటర్_కడప
ఇది బాగా చెప్పారు. కానీ అసలు ప్రశ్న పక్కకు పోతోంది. ఆ పిల్ల అడిగింది ఒంటరిగా ఇవ్వొచ్చా అని. మీరు సమాధానం చెప్పకుండా నేర్పుతూ పోతున్నారు. నేర్పడం వేరు, మీ పని వాళ్ల మీద వేయడం వేరు. విద్యార్థులను మీరు జీతం లేని స్టాఫ్ కింద లెక్కేసుకున్నారు. అందుకే సంతకం కూడా మీదే, ఎందుకంటే రికార్డులో వాళ్లు కనిపిస్తే పని ఎవరు చేశారో బయటపడుతుంది.

వార్డు_సిస్టర్
మాట కాస్త చూసుకుని మాట్లాడండి మేడమ్. ఇన్నేళ్ల సర్వీసులో నన్ను ఇంత మాట ఎవరూ అనలేదు. మీ కాలేజీల నుంచి క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్ అని ఒకరు వస్తారు. వార్డు గుమ్మంలో నిలబడి అటెండెన్స్ తీసుకుంటారు, బస్సెక్కుతారు. ఒక్క రాత్రి ఎవరైనా వచ్చి పిల్లల పక్కన నిలబడ్డారా? ఫీజు మీ కాలేజీకి, నేర్పడం మాకు, తప్పు జరిగితే మెమో కూడా మాకే. వాళ్లు మీ విద్యార్థులు. పక్కన నిలబడాల్సింది మీరు.

ట్యూటర్_కడప
రాత్రి రావాలని నాకు లేదనుకుంటున్నారా? ఒక బ్యాచ్‌ను మూడు ఆసుపత్రులకు పంచి వేస్తే దానికంతా నేనొక్కదాన్నే. నైట్‌కు పోతానని అడిగితే మేనేజ్‌మెంట్ బండి ఇవ్వదు, మరుసటి రోజు క్లాసులు తప్పవంటుంది. నేనున్నప్పుడు ఒక్క పిల్లతో కూడా తప్పు చేయించలేదు. నేను లేనప్పుడు వార్డులో ఉన్న రిజిస్టర్డ్ నర్సే బాధ్యురాలు. అది మీరు ఒప్పుకోవడం లేదు.

ఫార్మసీ_ఆదోని
ఇప్పుడు తెలిసింది గొడవేందో. పక్కన ఎవరో ఒకరు ఉండాలని ఇద్దరూ అంటున్నారు, ఆ ఎవరో అవతలివాళ్లు కావాలంటున్నారు.

చెక్‌పోస్ట్_కర్నూలు
మీ ఇద్దరికీ ఒకటి చెప్పాలి. మా అమ్మకు సూది వేసింది స్టూడెంటని నేనెక్కడా రాయలేదు. ట్యూటర్ మేడమే అలా అనుకున్నారు. వేసింది ఎవరో నాకిప్పటికీ తెలీదు. నేను టిఫిన్ కోసం బయటికి పోయాను, అమ్మకు గుర్తు లేదు. తర్వాత అడిగితే చార్టు చూపించారు. సంతకం పెట్టిన సిస్టర్ ఆ రాత్రి డ్యూటీలోనే లేదని వాళ్లే చెప్పారు. ఎవరిని అడగాలి నేను? వేసినావిడ వచ్చి "ఈ సిరంజితో ఇంత లాగినాను" అని ఒక్క మాట చెప్పి ఉంటే డాక్టరుకు యాభై యూనిట్లు పోయాయని ఆ క్షణమే తెలిసేది. ఏ డోసు పోయిందో తెలియక తెల్లవారేదాకా గంటకోసారి సూది పొడిచి షుగరు చూశారు.

వార్డు_సిస్టర్
ఇలా జరుగుతుందని నేను ఆలోచించలేదు అన్నా. పిల్లలను కాపాడటానికే సంతకం అనుకున్నాను. ఇచ్చినవాళ్లెవరో దొరకకపోతే పేషంటుకు వైద్యమే ఆలస్యమవుతుందని మీరు చెబితే కాదనలేను.

జిఎన్ఎమ్_కర్నూలు
నేనొకటి రాస్తాను. పోయిన పోస్టింగ్ లేబర్ వార్డులో. ఫిట్స్ వచ్చిన గర్భిణికి మాగ్‌సల్ఫ్ నడుస్తోంది. నాలుగు గంటలకోసారి 5 గ్రాములు, ఒకసారి ఈ పక్క తుంటికి, ఒకసారి ఆ పక్కకు. తెల్లవారుజామున నన్ను పోయి వేసి రమ్మన్నారు. వేసేముందు మూడు చూడాలని చదివాం: మోకాలి జర్క్ (మోకాలి కింద తడితే కాలు ఎగరడం) ఉండాలి, ఊపిరి నిమిషానికి 16కు తగ్గకూడదు, మూత్రం గంటకు కనీసం 30 ఎంఎల్ రావాలి. జర్క్ ఉంది. ఊపిరి సరిపోయింది. యూరిన్ బ్యాగ్ చూస్తే రాత్రి ఎనిమిది తర్వాత ఎవరూ కొలిచి రాయలేదు. బ్యాగ్‌లో అడుగున కాస్తే ఉంది. నేను వేయకుండా డ్యూటీ డాక్టరును పిలిచాను. ఆయన వచ్చి డోసు ఆపి, దానికి విరుగుడు క్యాల్షియం గ్లూకోనేట్ ట్రేలో ఉందా అని అడిగారు. అంతవరకు బాగుంది. కానీ "స్టూడెంటువి, చెప్పింది చేయడానికి నీకేమి" అని పొద్దున వార్డు వాళ్లు అందరి ముందు తిట్టారు. ఆ రోజు నా పక్కన కాలేజీ వాళ్లూ లేరు, వార్డు వాళ్లూ లేరు. మందు ఇవ్వడం నాకు వచ్చు మేడమ్. ఆపితే నా వైపు మాట్లాడే మనిషి లేదు. ఆ మనిషి మీ ఇద్దరిలో ఎవరైనా నాకు ఫరవాలేదు.

ట్యూటర్_కడప
నువ్వు చేసింది నూటికి నూరు పాళ్లు సరైనది. తిట్టిన సంగతి నీ కాలేజీలో రాతపూర్వకంగా ఇవ్వు. ఊరుకోకు.

హౌస్‌సర్జన్_2
మూత్రం తగ్గితే మాగ్నీషియం ఒంట్లోనే పేరుకుపోతుంది. ముందు జర్క్ పోతుంది, తర్వాత ఊపిరి. చెల్లెమ్మ ఆపడం వల్ల ఒక ప్రాణం నిలిచి ఉండవచ్చు.

వార్డు_సిస్టర్
పాపా, నా వార్డులో అయితే నీకు ఆ తిట్లు పడేవి కావు. నా వరకు చెబుతున్నాను. రేపటి నుంచి ఇచ్చినవాళ్ల సంతకమే, అక్కడికక్కడే. నాది దాని పక్కన. ట్యూటర్ మేడమ్ చెప్పిన ఆ ఐదు మందులు నేను మంచం దగ్గర ఉంటే తప్ప ట్రేలోకి రావు. తక్కినవి ఫైనల్ ఇయర్ పిల్లలు ఇస్తారు. దాన్ని మాత్రం నేను ఆపను.

ట్యూటర్_కడప
తక్కినవి అంటే సెఫ్ట్రియాక్సోన్ లాంటి యాంటీబయాటిక్ కూడానా? టెస్ట్ డోసులో ఏమీ కనిపించకపోయినా అసలు డోసుకు అనాఫిలాక్సిస్ (ప్రాణం మీదికొచ్చే అలర్జీ) రావచ్చు. రెండో రోజు డోసుకూ రావచ్చు. ఇచ్చి పక్క మంచానికి పోతే ఎవరు చూస్తారు?

వార్డు_సిస్టర్
వరసగా నలుగురికి ఇచ్చి ముందుకు పోవద్దంటాను. మొదటి డోసు పడినవాళ్ల దగ్గర అరగంట ఒక పిల్ల ఉంటుంది. రెండో రోజు నుంచి ప్రతి ఒక్కరి దగ్గరా అరగంట అంటే నా వార్డులో కాదు. చేయలేనిది చేస్తానని రాయను.

ట్యూటర్_కడప
అక్కడే మనకు కుదరదు. నేను మా ప్రిన్సిపాల్‌కు నైట్ ఇన్‌స్ట్రక్టర్ కావాలని లెటరు పెడతాను. ఇచ్చేదాకా ఒంటరిగా వద్దనే నా మాట.

జిఎన్ఎమ్_కర్నూలు
ఇది చదివాక రాత్రి మా ఎమర్జెన్సీ ట్రే తీసి చూశాను. ఆ అలర్జీకి ఇచ్చే అడ్రినలిన్ ఒక్కటే ఉంది, దాని ఎక్స్‌పైరీ పోయిన నెలే అయిపోయింది. ఇండెంట్ (కొత్త మందు కోసం రాసే చీటీ) స్టాఫ్ పెట్టాలా, మేము పెట్టొచ్చా?

వార్డు_సిస్టర్
ఇండెంట్ పుస్తకంలో రాసేది స్టాఫ్. కానీ దానికోసం ఆగొద్దు. పది గంటల ట్రే పట్టుకోకముందే క్యాజువాలిటీకి పోయి రెండు ఆంప్యూల్స్ అప్పు తెచ్చుకో, వాళ్ల పుస్తకంలో రాసి తెచ్చుకో. పెద్దవాళ్లకైతే అర ఎంఎల్, తొడ బయటివైపు మధ్యలో, కండలోకి. ఆ పాత ఆంప్యూల్ తీసి మీ సిస్టర్ చేతికే ఇవ్వు.