ఆరు సాయంత్రాల యూదు అధ్యయనం: ప్రసంగం ఎంత, కలిసి చదవడం ఎంత?

పుటవెలుగు (ప్రశ్న)

నమస్కారమండీ. ఒక యూదు సమాజ కేంద్రంలో పెద్దవాళ్ళ కోసం వారానికొకటి చొప్పున ఆరు సాయంత్రాలు పెట్టబోతున్నాం. ఒక్కోటి 75 నిమిషాలు, వచ్చేది 20 నుంచి 24 మంది. అందులో హీబ్రూ అక్షరం రానివాళ్ళున్నారు, చిన్నప్పటినుంచి సినగాగులో (యూదుల ప్రార్థనా మందిరం) పెరిగినవాళ్ళున్నారు, యూదుల్ని పెళ్ళి చేసుకుని వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఇప్పటి ముసాయిదాలో 50 నిమిషాల ప్రసంగం, ఆ తర్వాత ప్రశ్నలు. ఇది చరిత్ర పాఠంలా మిగిలిపోతుందేమోనని అనుమానం. ఇద్దరిద్దరుగా కూర్చుని చదివే హవ్రూతా పద్ధతి కొత్తవాళ్ళతో నడుస్తుందా? మొదటి రోజు ఏ పాఠం పెట్టాలి? ‘యూదు గుర్తింపు’ అనే సాయంత్రం ఎవరూ నొచ్చుకోకుండా ఎలా నడపాలి?

అంచురాత

హవ్రూతా కొత్తవాళ్ళతో బాగా నడుస్తుందండీ, పాఠం చిన్నదైతే. ప్రసంగాన్ని 10 నిమిషాలకు కోసేయండి. 35 నిమిషాలు జంటలుగా చదువు, 25 నిమిషాలు అందరూ కలిసి చర్చ. మిగిలిన ఐదూ కుర్చీలు జరుపుకోవడానికే పోతాయి.

మొదటి రోజుకు యూదు ధర్మచర్చల గ్రంథమైన తాల్ముద్‌లో బావా మెత్సియా అనే భాగంలోని మొదటి మిష్నా, అంటే మొదటి మూలపాఠం, పెట్టండి. ఇద్దరు ఒకే వస్త్రాన్ని పట్టుకుని వస్తారు. “నాకు దొరికింది, మొత్తం నాదే” అంటాడొకడు. రెండోవాడూ అదే మాట. తీర్పు ఏమిటంటే, “ఇందులో నా వాటా సగానికి తక్కువ కాదు” అని ఇద్దరూ ప్రమాణం చేసి, చెరిసగం పంచుకోవాలి. ఒకడు మొత్తం నాదే అని, రెండోవాడు సగం నాది అంటే? అప్పుడు మొదటివాడికి నాలుగింట మూడు వంతులు, రెండోవాడికి నాలుగింట ఒక వంతు. చాలామంది ఇక్కడ మూడింట రెండు, మూడింట ఒకటి అని లెక్క కడతారు. వెంటనే దిద్దకండి. సగం అడిగినవాడు మిగతా సగం ఎదుటివాడిదేనని ఒప్పుకున్నట్టే కదా, తగువు అతను అడిగిన సగం మీదే ఉంది, అదే చెరిసగం అయింది. ఈ సంగతి జంటలోనే తేలాలి.

అసలు ముడి ప్రమాణం మాటల్లో ఉంది. “మొత్తం నాదే” అని ఎందుకు చేయించరు? అలా ప్రమాణం చేసినవాడి చేతిలో సగమే పెడితే ఆ ప్రమాణానికి విలువేముంది? పోనీ, “సగం నాది” అందామా, మొత్తం అడిగినవాడు తన మాట తానే కాదన్నట్టవుతుంది. అందుకే “సగానికి తక్కువ కాదు” అని వంకర తిరిగిన మాట. అసలు ప్రమాణమే ఎందుకన్న ప్రశ్నకు రబ్బీ (మతగురువు) యోహనాన్ జవాబు గెమారాలోనే, అంటే మిష్నా మీద సాగే చర్చలోనే, ఉంది: అది లేకపోతే ప్రతివాడూ వెళ్ళి పక్కవాడి బట్ట పట్టుకుని నాదే అంటాడు.

నిజం శాలువా ఒకటి తెచ్చి ఇద్దరి చేతుల్లో పెట్టండి. ఒకరు అంచు కుచ్చుల్ని పట్టుకుంటారు, ఇంకొకరు మధ్యలో గుప్పెడు బట్ట పట్టుకుంటారు. పట్టుకున్న మేర ఎవరిదన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. గెమారా కూడా అటే వెళుతుంది.

కాగితం ఒక పక్కకే సరిపోవాలి. హీబ్రూ మూలం, పక్కన అనువాదం, కింద మూడే మూడు ప్రశ్నలు. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్న ఒక్కటి ఉన్నా జంట ఐదు నిమిషాల్లో ఫోన్లు తీస్తుంది. తప్పకుండా బయటికి చదివించండి, మనసులో చదివితే హవ్రూతా కాదు. హీబ్రూ బాగా వచ్చినవాళ్ళిద్దర్నీ ఒక జంట చేయండి. వచ్చినవాళ్ళనూ రానివాళ్ళనూ కలిపితే ఒకరు పంతులు, ఒకరు పిల్లాడు అయిపోతారు. మనుషులు బేసి సంఖ్యలో వస్తే ఒక గుంపు ముగ్గురితో నడవనివ్వండి, మీరు మాత్రం జతగా కూర్చోవద్దు.

ముద్రిత పుట కూడా ఒకసారి చూపించండి. నడుమ మిష్నా, గెమారా. బైండింగు వైపు మధ్యయుగపు పండితుడు రాషీ వ్యాఖ్య, బయటి అంచున తోసాఫోత్ అనే తర్వాతి తరాలవాళ్ళ వ్యాఖ్యలు. రాషీ 1105లో పోయారు, తోసాఫోత్‌లో ఆయన మనవలు ఆయన్నే ఖండిస్తారు. తాతా మనవలు ఒకే పుటలో వాదించుకోవడం చూస్తే, వాదన ఇక్కడ అమర్యాద కాదని ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. ఒకటో పుట కోసం వెతుకుతారు, దొరకదు. లెక్క రెండుతో మొదలవుతుంది.

తిథిచూపు

తేదీలు ఖాయం చేసేముందు హీబ్రూ పంచాంగం చూడండి. రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. కాబట్టి పండుగ ‘మంగళవారం’ అని ఉంటే సోమవారం సాయంత్రమే పోయినట్టు. 19 ఏళ్ళలో 7 సార్లు అధిక అదార్ నెల వస్తుంది, పోయినేడాది తేదీని పట్టుకుని హాలు మాట్లాడితే దెబ్బతింటారు. పెసహ్, షవూఓత్ పండుగల మధ్య ఆరు శబ్బత్‌లలో (శుక్రవారం సాయంత్రం మొదలయ్యే వారపు విశ్రాంతి రోజు) పిర్కే ఆవోత్ అనే నీతివాక్యాల గ్రంథంలోని ఆరు అధ్యాయాలు చదివే ఆనవాయితీ ఉంది. మీ ఆరు సాయంత్రాలకు అది అతికినట్టు సరిపోతుంది.

శుక్రవారం రాత్రి పెడితే మాత్రం రాయడం, రికార్డు చేయడం, ప్రొజెక్టర్ ఏవీ ఉండకూడదు. శబ్బత్ పాటించేవాళ్ళు రారు, వచ్చినా ఇబ్బంది పడతారు. వారం మధ్యలో పెట్టండి.

కాగితాల మీద దేవుని నాలుగక్షరాల నామం పూర్తిగా అచ్చు వేయకండి, సంక్షేపంగా ‘హే’ అక్షరం వేస్తే చాలు. నామం ఉన్న కాగితం చెత్తబుట్టలో వేయరు, గెనీజా అనే దాపు చోట దాచి తర్వాత పాతిపెడతారు. ఇదొక్కటే ఒక సాయంత్రానికి సరిపడా విషయం. కైరోలోని బెన్ ఎజ్రా సినగాగులో అలా దాచిన కాగితాలనే 1896–97లో పండితుడు సాలమన్ షెక్టర్ కేంబ్రిడ్జికి చేర్చారు. పెళ్ళి ఒప్పందాలు, ఉత్తరాలు, అప్పు పత్రాలు, పిల్లల అక్షరాభ్యాసపు పుటలు కూడా అందులో ఉన్నాయి.

పుటవెలుగు

శాలువా ఆలోచన చాలా బాగుంది. ప్రసంగం పదికి కోసేశాను. ఇక గుర్తింపు సాయంత్రం గురించి చెప్పండి.

రెండోదారి

దాన్ని మొదటి రోజు పెట్టకండి, నాలుగో రోజో ఐదో రోజో పెట్టండి. అప్పటికి జంటల మధ్య చనువు కుదురుతుంది. “నువ్వు యూదుడివేనా, ఎలా?” అన్న పరిచయం వలయం అస్సలు వద్దు. గదిలో తండ్రి మాత్రమే యూదుడైనవాళ్ళు తప్పకుండా ఉంటారు. హలాఖా (యూదు మత ధర్మశాస్త్రం) ప్రకారం తల్లి యూదురాలై ఉండాలి, లేదా మతంలోకి మారి ఉండాలి. అమెరికాలో రిఫార్మ్ అనే సంస్కరణవాద శాఖ రబ్బీలు 1983లో, యూదు జీవితంలో పెరిగితే తల్లీ తండ్రుల్లో ఎవరివైపైనా సరేనన్నారు. ఇజ్రాయెల్ ‘తిరిగివచ్చే చట్టం’ 1970 సవరణతో మనవల దాకా, జీవితభాగస్వాముల దాకా పోయింది. అక్కడ ప్రశ్న వలస హక్కుది. ఈ మూడూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులని నడిపేవాళ్ళు ముందే చెప్పాలి. కలిపేస్తే గది రెండుగా చీలుతుంది.

చదవడానికి రెండు చిన్న పాఠాలు. రూతు గ్రంథం 1:16లో పరజాతి కోడలు రూతు తన అత్తగారితో ‘నీ ప్రజలే నా ప్రజలు, నీ దేవుడే నా దేవుడు’ అంటుంది. ప్రజలు ముందు, దేవుడు తర్వాత. ఈ వరుస మారితే అర్థం మారుతుందా అని అడగండి. రెండోది, యూదు మతంలోకి మారిన ఓబద్యాకు మధ్యయుగపు రబ్బీ, తత్వవేత్త మైమొనిదీస్ రాసిన ఉత్తరం. ప్రార్థనలో “మా పితరుల దేవా” అని నేను అనవచ్చా అని ఓబద్యా అడిగాడు. ఒక్క మాట కూడా మార్చకుండా అందరిలాగే అను, అబ్రహాము నీకూ తండ్రే అని జవాబు. పెళ్ళి చేసుకుని వచ్చినవాళ్ళు ఉన్న గదిలో ఈ ఉత్తరాన్ని మెల్లగా, రెండుసార్లు చదివించండి.

అంచురాత

ఆ ఉత్తరం చదివాక చర్చకు 25 నిమిషాలు చాలవు. ఆ రోజు జంట సమయం 25కి తగ్గించి, చర్చ 35 చేయండి.