అప్‌డేట్: 8 ఓమ్‌ల స్పీకర్ మీటర్‌లో 6 ఎందుకు చూపించిందంటే

వెనక 8 ఓమ్‌లు అని రాసున్న స్పీకర్ మల్టీమీటర్‌లో 6.2 చూపిస్తోంది, కాయిల్ కాలిందా అని పోయిన వారం అడిగాను. కాలలేదండీ. మీటర్ చూపేది కాయిల్ తీగ నిరోధం ఒక్కటే. వెనక రాసే 8 మాత్రం శబ్దం మోగేటప్పుడు, అంటే ఏసీ కరెంటుకు, స్పీకర్ చూపే మొత్తం అడ్డు (ఇంపిడెన్స్), అదీ సుమారుగా.

మీరు చెప్పినట్టే 100 ఓమ్‌ల రెసిస్టర్ సిరీస్‌లో పెట్టి, ఫోన్ టోన్‌ను ఆంప్లిఫయర్ ద్వారా పంపి ఆ అడ్డును లెక్కగట్టాను. 300 హెర్ట్జ్ దగ్గర 7 ఓమ్‌లు. 62 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 31! అది కోన్ (స్పీకర్ ముందు ఊగే గరాటు లాంటి భాగం) సహజ పౌనఃపున్యం, అంటే అది తనంతట తాను తేలిగ్గా ఊగే వేగం. అక్కడ కోన్‌తో పాటు జోరుగా ఊగే కాయిల్ అయస్కాంత క్షేత్రంలో జనరేటర్‌లా ఎదురు వోల్టేజీ పుట్టించి కరెంటును తగ్గించేస్తుంది. నమ్మకం కుదరక కోన్‌ను వేళ్లతో మెల్లగా అదిమి పట్టుకున్నాను. 31 కాస్తా 9కి పడిపోయింది. ఎంత ఆనందమేసిందో!

10 కిలోహెర్ట్జ్ దగ్గర మళ్లీ 15కి ఎక్కింది, అది కాయిల్ ఇండక్టెన్స్ (పౌనఃపున్యం పెరిగే కొద్దీ కరెంటును ఎక్కువగా అడ్డుకునే గుణం) వల్ల. అందరికీ చాలా థ్యాంక్స్. గాలి చొరబడని బాక్సులో బిగించాక ఆ 62 ఎంత పైకి జరుగుతుందో ఆదివారం కొలుస్తాను.